హాజరైన గైర్హాజరు

చీపురుపల్లి పక్కన ఏదో ఊళ్లో ఎనభై ఏడేళ్ల తాతగారొకరు ఉన్నారనుకోండి. వీధరుగు దాటి పదేళ్లయింది. మంచం అక్కడే, చెంబు అక్కడే, చుట్ట అక్కడే. ఎన్నికల నిబంధనల ప్రకారం ఈయన 'గైర్హాజరు ఓటరు'. ఈయన మనవడు చెన్నైలో సెంట్రింగ్ పని చేసుకుంటూ, సంక్రాంతికి ఓ వారం మాత్రం ఊరి మొహం చూస్తాడు. వాడు హాజరు!

తాతగారి మీద నాకే కోపమూ లేదు. 85 దాటిన వాళ్ల ఇంటికీ, నలభై శాతం వైకల్యం ఉన్నవాళ్ల ఇంటికీ సిబ్బందే బ్యాలెట్ పట్టుకుని వెళ్లడం మంచి పని. ఇంట్లో ఉన్నవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లే సర్కారు, ఊళ్లో లేనివాడి ఊసెత్తదు. అదీ చిత్రం.

ఇక ఉద్యోగుల పోస్టల్ బ్యాలెట్. అది ఓటు కాదు, ఉల్లిపాయ. పైన 13సి కవరు. దాన్ని విప్పితే 13ఎ డిక్లరేషనూ, 13బి కవరూ. ఆ 13బి లోపల ఎక్కడో ఓటు. లెక్కింపు నాడు ముందు 13ఎ చూస్తారు. అది లేకపోయినా, ఓటరు సంతకమో ధ్రువీకరణో లేకపోయినా, అందులోని బ్యాలెట్ సీరియల్ నంబరు లోపలి కవరు మీది నంబరుతో కలవకపోయినా సరే, 13బి కవరు చింపకుండానే పక్కన పడేస్తారు. లోపలి ఓటు ఎవరికి పడిందో బ్రహ్మకి కూడా తెలియదు. ఒక్క 'ఒత్తు' మరిచిన పాపానికి పిల్లాడికి అరమార్కు కోసే మాస్టారు, తన కాగితంలో నంబరు వేయడం మరిచి మొత్తానికే సున్నా తెచ్చుకుంటారు.

2024 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఐదు లక్షల పైచిలుకు పోస్టల్ ఓట్లు పడ్డాయి. తగువంతా ఒక రబ్బరు ముద్ర దగ్గర వచ్చింది. 13ఎ మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉండి, ముద్ర లేకపోతే ఓటు చెల్లుతుందా? చెల్లుతుందంది ఎన్నికల యంత్రాంగం. కూడదంటూ వైఎస్సార్ కాంగ్రెస్ హైకోర్టుకు వెళ్లింది. జూన్ 1న అక్కడ చుక్కెదురైంది, 3న సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోనంది. మర్నాడే లెక్కింపు. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లొచ్చిన రబ్బరు ముద్ర మనదే! విజయనగరం గిరీశం ఇప్పుడుంటే, నెపోలియన్ సంగతి పక్కనపెట్టి, కలెక్టరేట్ ఎదుట అటెస్టేషన్ దుకాణం తెరిచేవాడు.

కాగితం విషయంలో ఇంత పట్టుదల అవసరమే. 2019లో శ్రీకాకుళం పార్లమెంటు సీటు 6,653 ఓట్ల తేడాతో తేలింది, విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ అయితే 25 ఓట్లతో. తిరస్కరించిన పోస్టల్ ఓట్లకన్నా మెజారిటీ తక్కువైతే, ఆ కాగితాలన్నీ మళ్లీ తిరగేయాలన్న నియమం ఊరికే పుట్టలేదు.

మరి మనవడి సంగతి? వాడికి ఏ నంబరు ఫారమూ లేదు. సైనికుడికుంది, ఎన్నికల డ్యూటీ చేసే మాస్టారికుంది. పీడీ యాక్టు కింద నిర్బంధంలో ఉన్నవాడిక్కూడా అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో పోస్టల్ ఓటుంది. అంటే చెన్నైలో ఉన్న ఈ మనవడు ఊరు రాకుండా ఓటేయాలంటే దారి ఒకటే: ఎవరైనా వాణ్ణి ముందు జాగ్రత్తగా లోపలేయాలి.

దూరం నుంచే ఓటేసే యంత్రం ఒకటుందని, ఒక్కదానిలో 72 నియోజకవర్గాలు పడతాయని ఎన్నికల సంఘం 2023 జనవరి 16న పార్టీలను ఢిల్లీకి పిలిచింది. ప్రతిపక్షాలు దాన్ని చూడ్డానికే ఒప్పుకోలేదు. ఆ రోజు కనుమ. వలసపోయినవాళ్లంతా ఏడాదికోసారి ఊళ్లో ఉండే రోజు. గారెలు తింటున్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

స్థానిక ఎన్నికల్లో గైర్హాజరు ఇంకో మెట్టు ఎక్కింది. 2021 ఏప్రిల్ 8న వేసిన ఎంపీటీసీ, జడ్పీటీసీ ఓట్లను కోర్టు చిక్కుల వల్ల సెప్టెంబరు 19న లెక్కించారు. ఓటరు వచ్చాడు, లెక్క రాలేదు. కొన్నిచోట్ల పెట్టెలు తెరిస్తే చెదలు ముందే పరిశీలన పూర్తి చేశాయి. శ్రీకాకుళం పట్నానిదైతే అందరినీ మించిన ఘనత. 2015లో కార్పొరేషన్ చేశారు, ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఎన్నికే పెట్టలేదు. అక్కడ ఓటరు పదిలంగా ఊళ్లోనే ఉన్నాడు. గైర్హాజరైంది ఎన్నిక.

వలస ఓటరు ఎక్కడున్నాడో కనిపెట్టడం కష్టమని సర్కారు అంటుంది. సర్పంచి అభ్యర్థి మనిషిని అడగండి. చెన్నైలో ఏ వంతెన కింద మన వీధివాళ్లు ఎందరున్నారో, ఎవడి ఫోన్ నంబరేమిటో, ఎవడి కూలి రోజుకెంతో, ఆ మనిషి నోటుబుక్కులో ఉంటుంది. 13ఎ అక్కర్లేదు, గెజిటెడ్ అధికారీ అక్కర్లేదు. అభ్యర్థి పెట్టిన బస్సెక్కే ముందు తల లెక్క, దిగాక మళ్లీ తల లెక్క. తిరస్కృతి అన్న మాటే లేదు.

పోలింగయిన సాయంత్రం ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఇద్దరు జనరల్ బోగీ కోసం నిలబడి ఉంటారు.

"ఓటేసీసినావేట్రా?"

"ఏసీసినాను బావా. బస్సేదని సూస్తే, అది ఎలిపోనాది."