పచ్చజెండా ఊపేశారు!

2022 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ మున్సిపాలిటీకి ఎన్నికలయ్యాయి. కొత్త పాలకవర్గం తొలి ఏడాదిలో ఊరు ఎంత పచ్చబడిందో చూద్దాం రండి.

ఆ జులై 1న ఒకసారి వాడి పారేసే కొన్ని రకాల ప్లాస్టిక్‌పై దేశమంతా నిషేధం వచ్చింది.
గోల్‌బజార్‌లో క్యారీబ్యాగు తొణకలేదు, బెణకలేదు.
చేపలకు ఒకటి. నీళ్లు కారకుండా పైన ఇంకొకటి!

ఊళ్లో 35 వార్డులు. కొన్ని రైల్వే స్థలంలో ఉన్నాయి.
అక్కడ ఓటు మున్సిపాలిటీకి. నేల రైల్వేకి.
మరి చెత్త? అది ఎవరి సొత్తో తేలేదాకా కాలవలోనే కాపురం.
మొక్క నాటాలన్నా ముందు గుంత ఎవరిదో తేలాలి.

స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల నల్లదుమ్ముకు మాత్రం ఈ హద్దుల గొడవ లేదు.
ఆరేసిన తెల్లచొక్కా ఏ వార్డుదైనా సాయంత్రానికి ఒకటే రంగు.

1951 నుంచి ఇక్కడే ఐఐటీ ఉంది. ప్రపంచానికి సలహాలిస్తుంది.
ఆ గోడ దాటి మనదాకా రావాలంటే సలహాకు వీసా కావాలేమో!

మన పొడుగాటి ప్లాట్‌ఫాం రికార్డును 2013లో గోరఖ్‌పూర్ ఎత్తుకుపోయింది.
ఫైలు తిరిగే దూరంలో మనల్ని కొట్టేవాడు ఇంకా పుట్టలేదు.

ఏమీ జరగలేదంటే కళ్లు పోతాయి.
సొంత పార్టీ కౌన్సిలర్లే తిరగబడితే ఛైర్మన్ రాజీనామా చేశారు.
తడిచెత్తను, పొడిచెత్తను వేరుచేయడం రాకపోయినా, ఛైర్మన్‌ను, కుర్చీని వేరుచేయడం ఏడాది తిరక్కముందే నేర్చేసుకున్నారు!

ఓటరన్నా, బజారుకెళ్లేటప్పుడు గుడ్డసంచి నువ్వే తెచ్చుకో. అంతకుమించి ఆశపడకు.