పియొనీ పక్కన చేమదుంప

ఎడిసన్‌లో ఇల్లు కొన్న రోజు సంతకాలన్నీ అయ్యాక, ఇల్లు అమ్మిన పెద్దావిడ నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. బాయిలర్ గురించో, కప్పు కారే చోటు గురించో చెబుతుందనుకున్నాను. ఆవిడ ఒక పొద ముందు ఆగి, "ఈ పియొనీ మా అమ్మ నాటింది. నాకంటే రెండేళ్లు పెద్దది. దీన్ని మాత్రం కదిలించకండి" అంది. ఇంటికి ముప్పై ఏళ్ల అప్పు, పొదకి జీవితాంతం కాపలా. రెంటికీ తలూపింది నేనే.

కప్పు కారే చోటు తర్వాత వానే చూపించింది.

ఆవిడ వదిలి వెళ్లిన పూలమడి నలభై అడుగుల పొడుగు. హోస్టాలు, డేలిల్లీలు, కోన్‌ఫ్లవర్లు, నడుమ ఆ పియొనీ. అన్నీ పెరెనియల్సే. పాఠ్యపుస్తకాల్లో వీటిని బహువార్షికాలంటారు. ఆ మాట వింటే నాకు మొక్క కాదు, పంచవర్ష ప్రణాళిక గుర్తొస్తుంది. చలికాలంలో పైదంతా ఎండి మట్టయిపోతుంది, వేరు నేల కింద దుప్పటి కప్పుకుని పడుకుంటుంది, ఏప్రిల్లో మళ్లీ లేస్తుంది. ఈ సంగతి తెలియక మొదటి డిసెంబరులో ఆ నలభై అడుగుల బోడి నేల చూసి, "ఏవండీ, చేతికొచ్చి ఆరు నెలలు కాలేదు, మొత్తం చంపేశారు" అని మా ఆవిడ నన్ను దులిపేసింది. నేను కూడా ఒప్పేసుకున్నాను. నా చేతుల మీద నాకున్న నమ్మకం అలాంటిది.

వసంతంలో అన్నీ లేచాయి. నా ప్రమేయం లేదు కాబట్టి బ్రహ్మాండంగా లేచాయి. మే నెలాఖరుకి పియొనీ పళ్లెమంత పూలు పూసింది. డేలిల్లీ పువ్వు ఒక్కరోజే ఉంటుంది, కానీ రోజూ కొత్తది విచ్చుకుంటుంది. జులైలో కోన్‌ఫ్లవర్లు. చిక్కంతా ఆ తర్వాతే. ఆగస్టు వచ్చేసరికి ఆ మడి పెళ్లయిన మర్నాటి పందిరిలా తయారైంది. వాడిన తోరణాలు, ఎండిన కాడలు, మిగిలింది కుర్చీలు లెక్కపెట్టుకోవడమే అన్నట్టు. సరిగ్గా ఆ నెలలోనే మా ఇంట్లో వ్రతం, నలభై మంది భోజనం.

దీనికి మందు ట్రాపికల్స్ అని నర్సరీలో చెప్పారు. మెట్టతామర, అరటి, కోలియస్, ఏనుగు చెవులు. పెరెనియల్స్ అలిసిపోయే వేళకి ఇవి కండ పడతాయి, ఆగస్టు వేడికి రెచ్చిపోయి సెప్టెంబరు దాకా మడిని మోస్తాయి. కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండులో గెర్‌ట్రూడ్ జెకిల్ వందేళ్ల కిందటే తన పొడుగాటి పూలబారులో మెట్టతామరలూ డాలియాలూ కలిపి నాటేది. ఇక క్రిస్టఫర్ లాయిడ్ అనే పెద్దమనిషి గ్రేట్ డిక్‌స్టర్‌లో తన ఇంటి గులాబీ తోటనంతా 1993లో పీకించి అక్కడ అరటి, మెట్టతామర పెట్టాడు. ఆ గులాబీ తోట గీసింది ఎవరో కాదు, మన రాష్ట్రపతి భవన్‌కీ ఢిల్లీ హైదరాబాద్ హౌస్‌కీ నక్షా గీసిన లుట్యెన్స్. అప్పటికి లాయిడ్‌కి డెబ్బై రెండేళ్లు. డెబ్బై రెండేళ్ల మనిషి లుట్యెన్స్ తోట మీదే చెయ్యి వేయగా లేనిది, నలభై ఆరేళ్ల వాణ్ణి హోస్టాల మధ్య నాలుగు పిలకలు పెట్టలేనా అనుకున్నాను.

పెట్టాను, ఏప్రిల్ మూడో వారంలో. ఎండ బాగుంది, చొక్కా చాలు, స్వెట్టరు అక్కర్లేదు. ఇక్కడి తోటమాలులకు ఒక లెక్కుంది: మదర్స్ డే వెళ్లేదాకా ట్రాపికల్స్‌ని గడప దాటించకూడదు. మదర్స్ డే అంటే మే రెండో ఆదివారం. ఏప్రిల్ ఎండ మాట మీద నిలబడదని వాళ్లకు తెలుసు, నాకు తెలియదు. అయిదో రాత్రి మంచు పడింది. పొద్దున్నే చూస్తే మెట్టతామర ఆకులు ఉడకబెట్టిన తోటకూరలా వాలిపోయి ఉన్నాయి. హోస్టాలు మాత్రం ఏమీ ఎరగనట్టు ముక్కులు బయటపెట్టి చూస్తున్నాయి.

రెండో పాఠం పార నేర్పింది. పాతుకుపోయిన మడిలో ఖాళీ జాగా అంటూ ఉండదు, పైకి కనిపించేదంతా భ్రమ. మొదటి పోటుకి డేలిల్లీ వేళ్లు, రెండో పోటుకి హోస్టా దుంప, మూడో పోటుకి స్ప్రింక్లర్ పైపు తెగాయి. నాలుగో పోటు పియొనీకి జానెడు దూరంలో పడింది. నాకు చెమటలు పట్టాయి. కంచె అవతల నుంచి అంతా చూస్తున్న పక్కింటి పెద్దాయన ఇక ఉండబట్టలేక, "తవ్వకు, కుండీతో సహా పాతెయ్. అక్టోబరులో కుండీతోనే పైకి లాగెయ్" అన్నాడు. దీనికోసం నేను మూడు పుస్తకాలు కొన్నాను.

మే రెండో వారంలో మా అమ్మ వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఆర్నెల్లకు అనుమతించాడు. అమ్మది దుగ్గిరాల. పసుపు యార్డు ఉన్న ఊరు, చుట్టూ అరటి తోటలు. దిగిన మర్నాడు కాఫీ గ్లాసుతో పెరట్లోకొచ్చి, నేను కొత్తగా తెచ్చిన కుండీల ముందు నిలబడింది.

"ఇదేంట్రా?"

"ఏనుగు చెవులమ్మా. ట్రాపికల్ మొక్క. పద్దెనిమిది డాలర్లు."

అమ్మ వంగి ఆకు తిరగేసి చూసి, కాడ నలిపి, వాసన చూసింది. "చేమ కదరా ఇది" అంది.

చేమే. వృక్షశాస్త్రం ప్రకారం కూడా అక్షరాలా చేమే. పద్దెనిమిదిని మనసులోనే ఎనభై చిల్లరతో గుణించుకుని, అమ్మ ఆ పూట ఇక మాట్లాడలేదు. సాయంత్రం మా ఆవిడతో ఇండియన్ షాపుకి వెళ్లి, రెండు డాలర్లకు ఒక సంచెడు చేమదుంపలు, ఇంకో రెండు డాలర్లకు పచ్చి పసుపు కొమ్ములు తెచ్చింది. సగం చేమదుంపలు వేపుడైనాయి. మిగతా సగం పియొనీకి ఇవతల, కోలియస్‌కి అవతల భూమిలోకి వెళ్లాయి. పార వాడలేదు. పాత అట్లకాడతో, వేలితో వేళ్లను పక్కకి జరుపుతూ, ఎవరి నిద్రా చెడకుండా పెట్టింది. పసుపు కొమ్ములు హోస్టాల మధ్య గుచ్చింది.

"హోస్టాలు చల్లదేశం మొక్కలమ్మా, పసుపు వేడిదేశం మొక్క. రెంటికీ పడుతుందంటావా?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా" అంది.

అరటి విషయంలో మాత్రం ఇద్దరికీ చెడింది. నేను కొన్నది మూసా బాస్‌జూ. చలికి పైన చచ్చినా, మొదలు చుట్టూ ఎండుటాకులు మందంగా కప్పితే ఇక్కడి నేలలో వేరు బతుకుతుంది. దాని ధర ముప్పై అయిదు డాలర్లని చెప్పలేదు, ఇరవై అన్నాను. అయినా అమ్మ కళ్లు పెద్దవయ్యాయి. దుగ్గిరాలలో పిలక పట్టుకుపోతామంటే తోటవాళ్లు ఎదురు కాఫీ ఇస్తారు.

"గెల ఎప్పుడేస్తుంది?"

"వేసినా తినడానికి పనికిరాదమ్మా. అన్నీ గింజలే."

"మరెందుకురా?"

"జపాన్‌లో బషో అని గొప్ప కవి ఉండేవాడు. తన గుడిసె ముందున్న అరటి పేరే తన పేరుగా పెట్టుకున్నాడు."

"కవి కాబట్టి సరిపోయింది" అంది అమ్మ. నా ఉద్యోగం కవిత్వం కాదని ఆవిడకు తెలుసు.

మే నెలాఖరుకి పియొనీ మొగ్గల నిండా చీమలు. మొగ్గ మీద ఊరే తీపి కోసం వస్తాయి, తాగి పోతాయి, మొగ్గకి ఏ నష్టమూ ఉండదు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి పరిగెత్తుకొచ్చేసరికి, ఆ పొద చుట్టూ పసుపు గీత గీసి ఉంది. లక్ష్మణుడు కూడా అంత గుండ్రంగా గీసి ఉండడు. చీమలు గీత దాటి పైకెక్కాయి. అమ్మ దాన్ని అమెరికా చీమల తలబిరుసుతనం కింద జమకట్టింది.

అసలు కష్టం నీళ్లూ ఎరువూ దగ్గర. చేమా, మెట్టతామరా, అరటీ పోసినంత తాగుతాయి, పెట్టినంత తింటాయి. కోన్‌ఫ్లవర్‌కి అదే తిండి పెడితే మెత్తబడి, బలిసి, నిలబడలేక వాలిపోతుంది. ఒకే పంక్తిలో షుగరు పేషెంటునీ కొత్తల్లుణ్ణీ కూర్చోబెట్టి వడ్డించినట్టు. రెండు వారాలు కోన్‌ఫ్లవర్లకు వెదురు కర్రలు కట్టి నిలబెట్టాక, ట్రాపికల్స్‌ని ఒక మూలకి గుంపుగా చేర్చి ఎరువు వాటికే వేశాను. ఇది మొదటే చేయాల్సింది. మడి కలపడమంటే విస్తళ్లు కలపడం కాదు.

ఆగస్టులో మాత్రం ఆ మడి చూసి తీరాల్సిందే. మెట్టతామర నా భుజం దాటింది, ఎర్రటి పూలు. వాటి ముందు చేమాకులు చాటలంత. చేమాకు మీద నీటి బొట్టు నిలవదు కదా, పొద్దున్నే మంచు బిందువు అటూ ఇటూ దొర్లి, హోస్టా మీద పడి, చప్పుడు కూడా చేసేది. ఎదిగిన పసుపాకు, దాని కింద హోస్టా ఆకు, వేలువిడిచిన చుట్టాల్లా కలిసిపోయాయి. పక్కింటి పెద్దాయన భార్య అచ్చెరువుగా, ఈ అందమైన అల్లం జాతి మొక్క ఏ నర్సరీలో దొరికిందని అడిగింది. "పసుపు" అని అమ్మ నేరుగా తెలుగులో చెప్పి, ఆకు ఒకటి తుంచి చేతిలో నలిపి, వాసన చూపించింది. ఆవిడ మర్నాడు కూడా వచ్చింది, ఇంకో స్నేహితురాలితో. వ్రతం రోజు భోజనానికి వచ్చిన నలభై మందీ మాత్రం, "చేమాకు పులుసు పెడతారా?" అనడిగారు తప్ప డిజైన్ గురించి ఒక్క మాట లేదు.

జింకలు కూడా వచ్చాయి. ఒక్క రాత్రిలో హోస్టాలన్నీ కాడల దాకా మేసి, చేమ జోలికి పోలేదు. దాని దురద వాటికీ తెలుసు. హోస్టాల కోసం నేను ఏడిస్తే, "అది వేరున్న మొక్క, మళ్లీ వస్తుందని నువ్వే అన్నావుగా" అంది అమ్మ.

అక్టోబరు చివరి వారంలో ఫోన్లో మంచు హెచ్చరిక మోగింది. అమ్మ తన పాత వాయిలు చీర తెచ్చి అరటికి చుట్టింది. వీధి దీపం వెలుగులో పెరట్లో ముసుగేసుకుని పెళ్లికూతురు నిలబడ్డట్టుంది. "దోషం ఉన్నవాళ్లకి ముందు అరటిచెట్టుతో పెళ్లి చేస్తారట. పదిహేడేళ్ల కిందట తట్టలేదు" అంది మా ఆవిడ. చీర ఆ ఒక్క రాత్రి కాపాడింది. మర్నాటి రాత్రి మంచుకి చీర కూడా బిగుసుకుపోయింది. తెల్లారేసరికి మెట్టతామరలు నల్లబడ్డాయి, చేమలు నేలకి ఒరిగాయి.

ఆ శనివారం ఇంట్లో రెండు చోట్ల మూటలు కట్టడం జరిగింది. కింద బేస్‌మెంట్‌లో నేను మెట్టతామర కాడలు జానెడు మిగిల్చి కోసి, దుంపల మట్టి దులిపి, ఆరబెట్టి, అట్టపెట్టెల్లో రంపపు పొట్టు పోసి పడుకోబెడుతున్నాను. పైన హాల్లో అమ్మ రెండు సూట్‌కేసులూ బాత్రూం తూకం మీద ఎక్కించి, దించి, ఇరవై మూడు కిలోలకు తెస్తోంది. ఆవిడ టికెట్ సోమవారానికి. ఒక అట్టపెట్టె కోసం ఇద్దరం పోట్లాడుకున్నాం కూడా. బాదంపప్పుకి కావాలంది, దుంపలకి కావాలన్నాను. బాదంపప్పే గెలిచింది.

వెళ్లే ముందు రోజు ఆవిడే పసుపు తవ్వింది. కొమ్ములు చిటికెన వేలంత లేవు. తిప్పి తిప్పి చూసి, "పసుపుకి తొమ్మిది నెలలు పట్టుద్దిరా. మీ ఊళ్లో అయిదు నెలలకే గెంటేస్తే ఏం ఊరుద్ది?" అంది. వాటినే కడిగి, దేవుడి దగ్గర పెట్టి వెళ్లింది.

ఈసారి ఫిబ్రవరిలోనే ఆ కొమ్ముల్ని కుండీల్లో పెట్టి, బాయిలర్ పక్కన ఉంచాను. ఏడు మొలకెత్తాయి. మదర్స్ డే దాటాక బయటికి. అమ్మ టికెట్ ఆ బుధవారానికి. పియొనీ ఉన్నచోటే ఉంది.

ఇంకో సంగతి. మెట్టతామర ఒక్క దుంప పెడితే శీతాకాలానికి అయిదారు అవుతుందని నాకెవరూ చెప్పలేదు. బేస్‌మెంట్‌లో నడవడానికి దారి లేదు. ఎడిసన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లెవరైనా వచ్చి పట్టుకుపోండి. ఊరికే ఇస్తాను, కాఫీ కూడా ఇస్తాను. పెట్టె మాత్రం మీరే తెచ్చుకోండి.