అమ్మమ్మగారి రూపాయీ, నా అనుమానమూ

పాత నాణేలు పోగుచేసేవాడికి డబ్బు కన్నా ముందు నిద్ర పోతుంది. డబ్బాలో ఉన్నవి అసలువో నకిలీవో తేలి చావదు మరి. మీ ఇంట్లో ఈ పిచ్చి ఉన్నవాళ్లుంటే నేను చెప్పేది మీకు తెలిసిన గొడవే. లేకపోతే మీ అదృష్టం, కాస్త విని జాలిపడండి.

మొన్న మా బావమరిది ఓ రాగి బిళ్ల పట్టుకొచ్చాడు. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818. రెండోవైపు సీతారామలక్ష్మణులు, ఆంజనేయస్వామి. "లక్షలు పలుకుతుందట బావా" అన్నాడు గొంతు తగ్గించి.

నన్ను ఇంట్లో ఎవరైనా సలహా అడగడం అరుదు. కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టాను. కంపెనీ ఏనాడూ ఇలాంటి నాణెం వేయలేదనీ, పూజలో పెట్టుకునే రామటంకాలు వేరే ఉన్నాయనీ, అవీ బజార్లో చెల్లే డబ్బు కాదనీ, ఇది మాత్రం అమాయకుల కోసం తయారైన సరుకనీ బల్ల గుద్ది చెప్పాను. బావమరిది ముఖం మాడిపోయింది.

వంటింట్లోంచి మా ఆవిడ అంది కదా, "అవునుగానీ, మీ డబ్బాలోవి ఎవరు చూసి చెప్పారండీ?"

బావమరిది ముఖం మళ్లీ వెలిగింది.

ఆ రాత్రే డబ్బా దించాను. అందులో నా ముద్దుబిడ్డ చార్మినార్ రూపాయి. నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంది. నడిమి కమానులో ఆయన పేరు మొదటి అక్షరం 'ఐన్' బుల్లిగా ఉంటుంది. అంతకుముందు మహబూబ్ అలీఖాన్ నాణేల్లో అక్కడే 'మీమ్' కనిపిస్తుంది. పోత పోసిన నకిలీ అయితే అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి, ఒంటిమీద సన్నటి గుల్లలుంటాయి, అంచు వెంబడి అతుకు గీత కనిపించినా కనిపిస్తుంది. భూతద్దంతో చూశాను. 'ఐన్' మసగ్గా ఉంది! గుండె జారిపోయింది. మా అమ్మాయి వచ్చి భూతద్దం లాక్కుని, "నాన్నా, దీని మీద పప్పు మరకుంది, తుడిచావా?" అంది.

అక్కడితో ఊరుకుందా? విక్టోరియా రూపాయి అందుకుంది. చిన్న కాటా మీద పెడితే 11.6 గ్రాములు. ఉండాల్సింది ఒక తులం, అంటే 11.66. తర్వాత కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి, ముల్లు సున్నాకి తెచ్చి, రూపాయిని దారంతో అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీసింది. 1.13 చూపించింది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 10.3 దరిదాపుల్లో వచ్చింది. పదకొండు పాళ్లు వెండి, ఒక పాలు రాగి ఉన్న రూపాయికి అంతే రావాలి. ఇత్తడైతే ఎనిమిదిన్నర దగ్గరే ఆగిపోయేది. "ఆర్కిమెడీస్ నాన్నా, తొమ్మిదో క్లాసు" అని చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయింది.

మీరైతే హాయిగా పడుకునేవారు. నాకు కొత్త దిగులు పట్టుకుంది. వెండిదైనంత మాత్రాన అసలుదేనని ఏముంది? అరుదైన నాణేలను మంచి వెండితోనే అచ్చుకొట్టేవాళ్లున్నారు. ఆరో జార్జి 1939 రూపాయి దొరకదు గనుక, వేరే ఏడాది దాని మీద అంకె చెక్కి మార్చేవాళ్లూ ఉన్నారు.

భోజనాల దగ్గర బెకర్ కథ ఎత్తాను. జర్మనీవాడు, 1830లో పోయాడు. పురాతన నాణేలకు దొంగ అచ్చులు తీయడంలో దిట్ట. కొత్తగా కొట్టినవాటిని ఇనపరజనూ జిడ్డూ నింపిన పెట్టెలో వేసి, బండికి బిగించి, ఊరంతా తిప్పి ముసలివాటిని చేసేవాడట. "అలాంటి పెట్టె మన స్కూటర్‌కి కట్టకండి, ఇప్పటికే చాలా చప్పుళ్లున్నాయి" అంది మా ఆవిడ.

అనుమానం ముదిరితే ఎక్కడిదాకా పోతుందో చూడండి. మా పూజగదిలో ఆవిడ అమ్మమ్మగారి విక్టోరియా రూపాయి ఒకటుంది. ఏటా వరలక్ష్మీ వ్రతానికి చింతపండుతో తోమి కలశం దగ్గర పెడుతుంది. రాణిగారి ముక్కు ఎప్పుడో అరిగిపోయింది. తోమితే పాతదనం పోతుంది, ధర పడిపోతుంది అని ఎన్నోసార్లు మొత్తుకున్నాను. "దేవుడి దగ్గర నల్లటిది పెడతానా?" అంటుంది. ఆవిడ గుడికెళ్లినప్పుడు దొంగలా తీసి కాటా మీద పెట్టాను. 11.2 గ్రాములు. "తూకం తక్కువుందే" అని గొణుక్కుంటుండగా గుమ్మంలో ఆవిడ!

"తరతరాలుగా చింతపండుతో తోమితే మీరైనా తగ్గుతారు. అది మా అమ్మమ్మకి పెళ్లిలో వాళ్ల నాన్న ఇచ్చింది. అమ్మమ్మ మా అమ్మకిచ్చింది, అమ్మ నాకిచ్చింది. మీవి ఎవరి దగ్గర్నించి వచ్చాయో అలా ఒక్కటి చెప్పండి చూద్దాం" అంది.

చెప్పలేకపోయాను. నాణేల పుస్తకాలన్నీ చదివి నేను పట్టుకోలేని సూత్రం ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పేసింది. కాటా, భూతద్దం, నీళ్ల గిన్నె, అన్నీ ఆ తర్వాతే.

పరువు దక్కించుకునే అవకాశం మర్నాడే వచ్చింది. కిరాణా కొట్టువాడు పది రూపాయల బిళ్ల దొంగదని తిప్పి పంపాడట. "మీరు నిపుణులు కదా, వెళ్లి ఒప్పించండి" అంది. వెళ్లాను. పది రూపాయల నాణెం పద్నాలుగు రకాల బొమ్మలతో వచ్చిందనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించిందని వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "మీరు చెప్పింది నిజమే సార్. నోటుంటే ఇవ్వండి" అన్నాడు. ఇచ్చి వచ్చాను.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఎవరైనా పది రూపాయల బిళ్ల ఇస్తే మారు మాట్లాడకుండా తీసుకోండి. వెండి రూపాయి అమ్మజూపితే మాత్రం, అది ఎవరింటి నుంచి వచ్చిందో అడగకుండా జేబులో చెయ్యి పెట్టకండి.