కొత్త పడవ పద్యానికి ‘తడిపొడి’ వ్యాఖ్య

మూలం

కొత్త పడవ వచ్చు గుట్టపైనుండియే
నీటిలోకి దుమికి నిలుచునంట
చూసినట్టివాడు చుట్టాల పక్కింటి
వాని బావమరిది వరుసవాడు

అవతారిక

ఇది ఆటవెలది. కవి ఒక్కడు కాడు. చిలుకూరు నుంచి కోదాడ పోయే షేరాటోలో ముందు సీటువాడు మొదటి పాదం అంటే, వెనక సీటువాళ్ళు తక్కిన మూడూ పూరించారు. చిలుకూరు అనగానే వీసాల కోసం ప్రదక్షిణలు చేసే బాలాజీ గుడి తలపుకొస్తుంది కనుక ముందే చెప్పాలి: ఇది ఆ చిలుకూరు కాదు. కోదాడకీ హుజూర్‌నగర్‌కీ నడుమనున్న సూర్యాపేట జిల్లా చిలుకూరు. ఆ చిలుకూరులో పుట్టిన పద్యమైతే పడవ బదులు విమానం ఉండేది.

సమయం వేసవి. యాసంగి వరి కోసేశారు, కాల్వ కట్టేశారు, బడికి సెలవులు. ఇటువంటప్పుడు హైదరాబాదు పార్కులో ఈ ఏడు కొత్త నీళ్ళ రైడు వస్తదంటనే మాట పుట్టడం సహజం. ఔటర్ రింగు రోడ్డు పక్కన రావిర్యాలలో వండర్‌లాను 2016 ఏప్రిల్‌లో తెరిచారు. అదే ఏడాది అక్టోబరు 11న నల్లగొండ నుంచి విడివడి సూర్యాపేట జిల్లా అయింది. కొత్త జిల్లాకూ కొత్త పార్కుకూ ఈడు సరిపోయింది. అప్పటినుంచి ప్రతి మే నెలలోనూ ఈ పద్యం ఏదో ఒక రూపంలో వినబడుతూనే ఉంది.

మల్లినాథసూరి మెదక్ వైపు కొల్చారం వాడు. కాళిదాసు కావ్యాలకు టీకలు రాస్తూ, మూలంలో లేనిది చెప్పబోనని మాట ఇచ్చి మరీ మొదలుపెట్టాడు. ఈ వ్యాఖ్యాత ఆ మాట ఇవ్వలేడు. ఇక్కడ మూలానికే మూలం లేదు.

ప్రతిపదార్థం

కొత్త = కిందటేడు లేనట్టిది, వచ్చే ఏటికి పాతబడేది; పడవ = తెడ్డూ సరంగూ లేక, నలుగురు ఒకరి వెనక ఒకరు కాళ్ళు బారజాపి కూర్చునేది; వచ్చు = వచ్చింది, వస్తోంది, వస్తుంది, రాకనూ పోవచ్చు (తద్ధర్మకాలం గనుక దేనికీ పూచీ లేదు); గుట్టపైనుండియే = గుట్ట మీదినుంచే (‘ఏ’ పాదపూరణానికి కాదు, ఎదుటివాడు నమ్మడానికి); నీటిలోకి = క్లోరిన్ వాసన వచ్చే, నడుము దాటని నీటిలోనికి; దుమికి = పైన కూర్చున్నవాళ్ళ ప్రమేయం లేకుండా పడి; నిలుచునంట = ఆగుతుందని వినికిడి; చూసినట్టివాడు = చూశానని చెప్పినవాడు; చుట్టాల, పక్కింటి, వాని, బావమరిది వరుసవాడు = ఫోను నంబరు దొరకనివాడు.

తాత్పర్యం

ఎవరూ చూడలేదు. అందరికీ తెలుసు.

పాఠాంతర విచారం

‘గుట్టపై’ అన్నచోట ‘గట్టుపై’ అనే పాఠం ఒకటి హుజూర్‌నగర్ ప్రాంతంలో ప్రచారంలో ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద బతికే జనానికి గుట్టకంటే గట్టు దగ్గరి చుట్టం గనుక నోటికి అదే వస్తుంది. గణాలూ సరిపోతాయి. కానీ ‘కొ’కు ‘గు’ యతి చెల్లుతుంది, ‘గ’ చెల్లదు. ఛందస్సు గుట్ట పక్షానే నిలిచింది.

చరిత్ర కూడా అటే మొగ్గింది. ‘పార్కులో గుట్ట ఎక్కడిది? ఇనుప స్తంభాలూ సిమెంటు తొట్టీ కదా?’ అని ఆక్షేపించేవాళ్ళు అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రం చూడాలి. అక్కడ రాక్ ఐలండ్ దగ్గర 1884లో న్యూబర్గ్ అనే ఆయన నిజంగానే గుట్టవాలుకు పట్టాలు పరిచి, అడుగు చదునైన పడవను నదిలోకి జారవిడిచాడు. పడవ నీటిని తాకి రెండు మూడు గెంతులు వేసి నిలిచేది. పద్యంలో ఉన్నది అక్షరాలా ఇదే. ఆ తరవాత 1895లో పాల్ బోయ్‌టన్ అనే ఈతగాడు న్యూయార్కు కోనీ ఐలండ్‌లో అలాంటి రైడునే పెట్టి, చుట్టూ కంచె కట్టి, వాకిట్లో టికెట్టు పెట్టాడు. గుట్ట సంగతి పద్యంలో ఉంది, కంచె సంగతి లేదు. కవులకు టికెట్టు కొనే అలవాటు లేకపోవడమే దీనికి కారణమని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం.

ఇక్కడ డాలస్ సంప్రదాయం వాళ్ళు అడ్డుపడతారు. కోదాడ చుట్టుపక్కల ఊళ్ళనుంచి టెక్సస్ వెళ్ళి స్థిరపడినవాళ్ళు తక్కువేం కాదు. సెలవులకు వచ్చిన ఆ వర్గంలో ఒకాయన అరుగు మీద కూర్చుని, “మీరు జెప్పేది మాకాడ ఎప్పట్నుంచో ఉంది” అంటాడు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్‌లో 1963లో ఏరో కంపెనీ ‘ఎల్ ఆసెరదెరో’ అనే రైడు కట్టింది. దుంగ ఆకారపు పడవ కాల్వలో తేలుతూ పోయి, పైకెక్కి, కిందికి పడుతుంది. అమెరికా కొండల్లో నరికిన దుంగలను చెక్క కాల్వల్లో నీళ్ళతో కిందికి తోసే పాత పద్ధతిని చూసి చేసింది. దుంగల పని పోయింది, దుంగ మీద కూర్చునే సరదా మిగిలింది. అయితే ఆర్లింగ్టన్‌లో ఉంది గనుక రావిర్యాలకు వస్తుందనడం శాస్త్రానికి నిలవదు. అలాగైతే డాలస్‌లో ఉన్న జీతాలూ రావాలి.

ప్రమాణ విచారం

నైయాయికులు ప్రమాణాలు నాలుగన్నారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. పద్యాన్ని నాలుగింటి మీదా తూచి చూద్దాం.

ప్రత్యక్షం లేదు. ఉపమానం డాలస్ వాళ్ళ చేతిలో ఉంది. శబ్దానికి ఆప్తుడు కావాలి, ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. బావమరిదినైతే ఏదోలా ఆప్తుల్లో చేర్చవచ్చు, బావమరిది వరుసవాణ్ణి చేర్చడానికి న్యాయసూత్రాల గౌతముడు కూడా ఒప్పుకోడు. మిగిలింది అనుమానం. ప్రపంచంలో ఏ పార్కు దగ్గరైనా రైడు ఊహలన్నీ దీనిమీదే నడుస్తాయి. కంచె వెనక గుంత తవ్వారు. లారీలో లావుపాటి పైపులు దిగాయి. క్రేను నిలబడింది. కొండ మీద పొగ కనబడితే నిప్పున్నట్టు, గుంత కనబడితే రైడున్నట్టు.

పూర్వపక్షం వినడానికి బాగుంది. హేతువు మాత్రం వ్యభిచరిస్తోంది. మిషన్ భగీరథ పైపుల కోసం ఊరూరా గుంతలు తవ్వారు, లారీల కొద్దీ పైపులు దించారు. ఎక్కడా రైడు రాలేదు, నల్లా వచ్చింది. పార్కులో తవ్విన గుంత కొత్త మరుగుదొడ్లకీ కావచ్చు. కనుక గుంతను చూసి రైడు ఉందనడం హేత్వాభాసం.

‘తాతా, మరి కొత్వాల్‌గూడల సముద్రం గడ్తరని పేపర్ల వచ్చింది గద, అదీ ఆభాసమేనా?’ అని ఇంటర్ చదివే శిష్యుడొకడు అడిగాడు. హైదరాబాదు శివారు కొత్వాల్‌గూడలో కృత్రిమ సముద్రతీరం కడతారని 2025లో పత్రికల్లో వచ్చిన మాట నిజమే. పత్రిక శబ్ద ప్రమాణం కిందికి వస్తుంది. శంకుస్థాపన రాయి కూడా శబ్దమే, చెక్కిన శబ్దం. ప్రత్యక్షం కావాలంటే కాలు తడవాలి.

క్రియా విచారం

ఈ వ్యాఖ్యలో అసలు చెప్పదలచింది ఇక్కడే ఉంది. ఆటోలోనూ అరుగు మీదా చర్చ అంతా ‘దుమికి’ మీదే జరుగుతుంది. ఎంత ఎత్తు నుంచి? ముప్పై అడుగులా, అరవయ్యా, వందా? కోదాడ చేరేసరికి గుట్ట ఇంకో నలభై అడుగులు పెరుగుతుంది. కానీ వ్యాకరణం చూడండి. ‘దుమికి’ క్త్వార్థకం, అంటే అసమాపకం. వాక్యాన్ని ముగించే క్రియ ‘నిలుచు’. దూకడం దారిలో జరిగే పని, ఆగడమే వాక్యం. ఆటోలో కవులు తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ, రైడు కట్టే ఇంజినీరు మనసులో ఉండే వరస కూడా ఇదే.

ఎత్తు లెక్క తేలిక. పది మీటర్ల ఎత్తు నుంచి జారితే, రాపిడి లేదనుకుంటే, కిందికి వచ్చేసరికి వేగం సెకనుకు 14 మీటర్లు, అంటే గంటకు 50 కిలోమీటర్లు. ఎత్తు రెండింతలై ఇరవై మీటర్లయితే వేగం రెండింతలు కాదు, గంటకు 71 కిలోమీటర్లే. ఎత్తు పెంచేకొద్దీ కేక పెరిగినంతగా వేగం పెరగదు. ఆపడంలో మాత్రం అలా తగ్గింపు ఉండదు. ఎత్తు రెండింతలైతే కింద ఆర్పాల్సిన శక్తీ రెండింతలవుతుంది. ఆ శక్తి అంతా నీళ్ళలోకే పోవాలి. పడవ ముక్కు నీటిని రెండు పక్కలకూ తోసి గోడలా లేపుతుంది. మనం డబ్బిచ్చి తడిసేది ఆ గోడకే, నిజానికది బ్రేకు. ఇక పడవను పైకి తీసుకెళ్ళేది గొలుసో బెల్టో. కాల్వలో నీళ్ళు పారించేది కింది తొట్టి నుంచి తోడే మోటర్లు. మోటర్లు ఆపితే కాల్వ ఎండి, తొట్టి నిండుతుంది. కరెంటు పోతే ఏమవుతుందో చిలుకూరు రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

‘నిలుచు’ను మరచి ‘దుమికి’ వెంట పడితే ఏమవుతుందో చెప్పడానికి వ్యాఖ్యాత కాసేపు నవ్వు పక్కన పెట్టాలి. అమెరికాలో కాన్సస్ సిటీలో 2014లో ఒక నీళ్ళ జారుడు కట్టారు. పేరు వెరుక్ట్, పిచ్చి అనే అర్థమున్న జర్మన్ మాట. ఎత్తు దాదాపు 51 మీటర్లు, ప్రపంచంలో అంతటి నీళ్ళ జారుడు అప్పటికి లేదు. 2016 ఆగస్టులో, మొదటి పల్లం దిగి రెండో మిట్ట ఎక్కినచోట తెప్ప గాలిలోకి లేచి, పదేళ్ళ పిల్లవాడు చనిపోయాడు. 2018లో దాన్ని విప్పేశారు. ఎత్తును చూడటానికి జనం వచ్చారు, ఎత్తు మీదే వార్తలు వచ్చాయి. పట్టి నిలపడం మీద అంత చర్చ జరగలేదు.

పురాణంలో దీనికి నిదర్శనం వెతకబోతే చేతికందే దూరంలోనే ఉంది. భగీరథుడు గంగను రమ్మని తపస్సు చేశాడు, గంగ వస్తానంది. ఆ తరవాత ఆయన చేసిన రెండో తపస్సు దేనికి? పడే గంగను నిలిపేవాడి కోసం. శివుడు జడ విప్పి పట్టుకున్నాడు గనుక భూమి మిగిలింది. మొదటి తపస్సు ‘దుమికి’, రెండోది ‘నిలుచు’.

ఈ సంగతి ఎడమ కాల్వ కింది ఊళ్ళకు శాస్త్రం లేకుండానే తెలుసు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్ళు వదిలారు. అంత నీళ్ళూ వాటంతట అవి పరుగెత్తకుండా దారిలో తూములు, డ్రాపులు కట్టారు. డ్రాపంటే ఏమిటి? పడనిచ్చి, పడ్డచోటే బలం తీసేయడం. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర ఎడమ కాల్వకు గండి పడి నీళ్ళు పొలాల మీద పడ్డాయి. ఆ నీళ్ళ పని దూకడమే, వాటిని నిలిపేది ఎదురుగా లేదు. ఈ ప్రాంతపు కవులు ‘నిలుచునంట’ అని క్రియను చివర పెట్టారంటే ఊరికే కాదు.

రసాలంకార విచారం

అలంకారం అతిశయోక్తి. అది లేకుండా కోదాడ ఆటో కదలదు. రసం భయానకమని కొందరు, అద్భుతమని కొందరు. సాత్త్విక భావాలు ఎనిమిదింటిలో కంపం, రోమాంచం, స్వరభేదం రైడులో స్పష్టంగా కనబడతాయి. చెమటనూ కన్నీటినీ మాత్రం నిర్ధారించలేం, ఒళ్ళంతా తడే. ముఖం పాలిపోవడాన్ని సరిగ్గా ఆ క్షణంలో ఫోటో తీసి, బయటికొచ్చాక మనకే అమ్ముతారు. నాట్యశాస్త్రం చెప్పిన భరతుడు ఈ వ్యాపారం ఊహించలేదు.

టికెట్టు గురించి పద్యం మౌనం వహించిందని పైన అన్నాం. మీమాంసకుల్లో కొందరు లేకపోవడాన్ని కూడా అనుపలబ్ధి అనే ప్రమాణంగా ఒప్పుకుంటారు. లేని మాట లేనందువల్లనే తెలుస్తుంది. పార్కుల ప్రవేశ రుసుము మీద జీఎస్టీని 2018 జనవరిలో 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. ఆ సంతోషం మీద పద్యమేదీ పుట్టినట్టు లేదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని ఆటోలో విన్నవాళ్ళు ఇకమీదట ‘ఎంత ఎత్తు?’ అని అడగడం మాని ‘ఎట్ల ఆగుద్ది?’ అని అడగాలి. బావమరిది వరుసవాడికి జవాబు తెలిస్తే నిజంగానే చూసినట్టు లెక్క. రైడు వచ్చేదాకా ఆగలేని పిల్లలు కాల్వలో దూకుతామంటే పోనివ్వకండి. కాల్వకు లైనింగు ఉంది, జారుతుంది, పట్టు దొరకదు. తీయడానికి ఈలవేసే మనిషి ఉండడు. రావిర్యాల వెళ్ళేవాళ్ళు తెల్లవారుజామునే బయల్దేరండి, కోదాడ నుంచి హైదరాబాదు దాదాపు 175 కిలోమీటర్లు. పిల్లలకు ఆర్టీసీ బస్సులో వయసు చూస్తారు, పార్కులో పొడవు చూస్తారు: 85 సెంటీమీటర్ల లోపైతే టికెట్టు లేదు, 140 దాకా పిల్లల టికెట్టు. నైలాను బట్టలు పెట్టుకోవడం మరవకండి. లుంగీతో నీళ్ళలోకి దిగనివ్వరు.