ఆరా, ఆరున్నరా

మా నాన్న కృష్ణుడి వేషం కట్టేవాడు. పెనుగంచిప్రోలు తిరనాళ్ళలో ఆయన పాడిన రాయబారం పద్యాలు ఒకే ఒక్క క్యాసెట్‌లో మిగిలాయి. నందిగామలో దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ‘ప్రాట్’ అనే ప్రోగ్రాంతో శ్రుతి కొలిచాను. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బోయెర్స్‌మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన ప్రోగ్రాం అది. ధ్వని తరంగాన్ని దాని మీదే కొద్దికొద్దిగా జరుపుతూ, ఎక్కడ తనతో తాను మళ్ళీ కలుస్తుందో చూస్తుంది. నాలుగున్నర మిల్లీసెకన్లకోసారి కలిస్తే సెకనుకు దాదాపు 220 కంపనాలు. హార్మోనియం మీద ఆరు శ్రుతి.

నాకు 233 వచ్చింది. ఆరున్నర! పొంగిపోయాను.

నాన్నకు హార్మోనియం వాయించిన మాస్టారు జగ్గయ్యపేటలో ఉన్నారు. “ఆరే బాబూ. మీ నాన్న ఏనాడూ ఆరు దాటలేదు. నేను పట్టిన మెట్టు నాకు తెలీదా?” అన్నారు. పెద్దాయన మరిచిపోయారులే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నా బాగుండేది. ల్యాప్‌టాప్ తెరిచి గ్రాఫు ఆయన ముందు పెట్టాను. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు.

ఆ గ్రాఫులోనే ఉంది సంగతంతా. మొదటి పద్యం దగ్గర శ్రుతి ఆరుకు కాస్త పైన, చివరికొచ్చేసరికి ఆరున్నర. రక్తి కట్టేకొద్దీ నాన్న గొంతు లేచిందనుకున్నాను. గొంతు లేస్తుంది సరే, హార్మోనియం ఎలా లేస్తుంది? రీడు శ్రుతి పాట మధ్యలో అలా పెరగదు. గొంతు గీతతో పాటే హార్మోనియం గీతా పైకి పోతుంటే, కళ్ళెదుట పెట్టుకుని కూడా చూడలేదు.

టేప్ రికార్డరు సెల్లుల మీద నడిచింది. సెల్లులు నీరసపడేకొద్దీ టేపు నెమ్మదించింది. అలా ఎక్కినదాన్ని మామూలు వేగంతో తిప్పితే శ్రుతి పెరుగుతుంది. మైకుసెట్టు గుర్రు కూడా అదే చెప్పింది: మన కరెంటుకు 100 దగ్గర ఉండాల్సింది, టేపు చివర 106 దగ్గర కనిపించింది. ప్రోగ్రాం తప్పు లేదు. టేపులో ఉన్నది అది చెప్పింది, వేదిక మీద పాడిందీ అదేనని నేను చెప్పేశాను.

వేగం సరిచేసి పద్యాలు మాస్టారి దగ్గరికి పట్టుకెళ్ళాను. మొదటి పద్యం సగంలోనే, “ఇదీ మీ నాన్న గొంతు. మొన్నటిది పీలగా ఉంది” అన్నారు. కొడుకునై ఉండీ నాకు ఆ పీలదనం తట్టలేదు. క్షమించమని అడిగాను.

“రెండోది పెట్టు” అన్నారు.