త్రీ పిన్ చుట్టరికం

భావనపాడులో ఆకుపచ్చ నంబరు ప్లేటు బండి మీద తిరిగే పెద్దమనిషిని ఊరంతా ‘ఛార్జింగ్ మావ’ అంటారు. ఇలాంటి మావ ఈ తీరంలో ఇప్పుడు ఊరికొకడు తయారవుతున్నాడు. పోల్చుకోవడం తేలిక. ఎవరింటికి వెళ్లినా మనుషులు ముందు కుర్చీ వైపు చూస్తారు, ఈయన గోడ వైపు చూస్తాడు. స్విచ్‌బోర్డు ఎక్కడుందో, దానికి మూడో కన్నం ఉందో లేదో తేలాకే క్షేమసమాచారాలు. చంకలో నల్లటి వైరు చుట్ట, ఫోనులో బ్యాటరీ లెక్క. “ఎలాగున్నావు మావా?” అని పలకరిస్తే “అరవై రెండు శాతం” అంటాడు.

ఆయన మొదట కొన్నది లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేని రకం. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదని నిబంధన. దాటే శక్తి దానికెలాగూ లేదు. ఒకరోజు నౌపడ రోడ్డు మీద సముద్రపు గాలి ఎదురుకొట్టింది. వెనక చేపల తట్ట కట్టుకుని వస్తున్న సైకిలు ఆయన్ని దాటేసింది. సైకిలాయన అంతటితో ఊరుకోకుండా వెనక్కి తిరిగి, “తొయ్యమంటావేటి మావా?” అన్నాడు.

బండి మారింది. రెండోది కొనేనాటికి కేంద్రం ఫేమ్-2 పథకం కింద బ్యాటరీ కిలోవాట్ అవర్‌కు 15 వేల రూపాయలు రాయితీ ఇస్తోంది. 2023 జూన్‌లో అది 10 వేలకు దిగింది. 2024 అక్టోబరులో పీఎం ఈ-డ్రైవ్ మొదలయ్యేసరికి 5 వేలు, మరుసటి ఏడాదికి 2,500. ఈ నాలుగంకెలూ మావకు కంఠోపాఠం. కొత్తగా బండి కొన్నవాడు కనబడితే చాలు, వరసగా అప్పజెప్పి వాడి మొహం చూస్తాడు.

ఇక ఆదా లెక్క. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ నిండడానికి మూడున్నర యూనిట్లు చాలు. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా ఇరవై ఒకటి. దాంతో ఎనభై కిలోమీటర్లు. అంతదూరానికి పెట్రోలు బండి లీటరున్నర తాగుతుంది, లీటరు 109 దాటిన రాష్ట్రం మనది. ఇంతవరకూ లెక్కలో తప్పు పట్టేవాడు లేడు. కానీ శ్రీకాకుళం వెళ్లి రావాలంటే నూరు దాటుతుంది. దారిలో ఎక్కడో ఒకచోట ప్లగ్గు కావాలి. ప్లగ్గున్న ఇంటికి ఉత్త చేతులతో వెళ్లలేం కదా. కరెంటు ఇరవై ఒక్క రూపాయలు, పట్టుకెళ్లిన వంజరం ఆరువందలు. ఈ రెండో అంకె ఆయన ఎవరికీ చెప్పడు.

హైవే మీద కార్ల ఛార్జర్లు లేవా అంటే, ఉన్నచోట ఉన్నాయి. వాటి పెద్ద నోరు కార్ల కోసం చేసింది, స్కూటరుకు పట్టదు. స్కూటర్లలోనూ ఒక కంపెనీ పిన్ను ఇంకో కంపెనీకి ఎక్కదు. చిన్న వాహనాల కోసమని భారత ప్రమాణాల సంస్థ 2023లో ఒక కనెక్టరును ఆమోదించింది గానీ, కంపెనీలన్నీ ఆ దారికి రాలేదు. అందుకని మావ తన నెట్‌వర్కు తానే వేసుకున్నాడు. నౌపడలో పిన్ని, టెక్కలిలో చెల్లెలు, కోటబొమ్మాళిలో తోడల్లుడు, శ్రీకాకుళంలో మేనల్లుడు. పదేళ్లుగా మాటల్లేని తోడల్లుడితో రాజీపడింది వాళ్ల గుమ్మం పక్క సాకెట్టు చూశాకే.

చెల్లెలింట్లో మొదటిరోజే ఛార్జరు ఎర్రలైటు వేసి మొరాయించింది. కారణం, ఎర్తింగ్ లేదు. ఎర్తు గోతిలో ఉప్పూ బొగ్గూ వెయ్యాలి. ఉప్పుకేం కరువు! మరుసటి ఆదివారం నౌపడ ఉప్పు బస్తా, బొగ్గుల మూట బండి మీద పెట్టుకుని సారె తెచ్చినట్టు దిగాడు. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయని చెల్లెలు గడప దాటనివ్వలేదు. తగువు వేరే దారిలో వచ్చింది. బావగారింటి వాడకం ఎన్నడూ నెలకు 120 యూనిట్లు దాటేది కాదు. 125 దాటితే ఆపై యూనిట్ 4.50 కాదు, ఆరు రూపాయలు. బిల్లు చూసిన బావగారు ఏమీ అనలేదు. బండి వచ్చినప్పుడల్లా మీటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

నవ్వులాటకు లొంగని భయమూ ఒకటుంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడగ్గదిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయాడు. ఆ ఏడాది డిసెంబరు నుంచి కేంద్రం బ్యాటరీ భద్రతా నిబంధనలు బిగించింది. మావ భార్య అంతకంటే ముందే బిగించింది. ఆ రాత్రే బండి వసారాలోకి వెళ్లింది, ఇప్పటికీ లోపలికి రాలేదు.

సాయంత్రం జెట్టీ దగ్గర మావ ఉపన్యాసం ఉంటుంది. “నార్వేలో 2024లో అమ్మిన కొత్త కార్లలో నూటికి 89 కరెంటువే!” వలలు బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తకుండా, “ఆళ్లూ చేపలోళ్లేనంట గదా, మరి పడవలకేటి పోస్తన్నారు?” అంటాడు. ఇంకొకడు 2018 తిత్లీ తుపాను తీస్తాడు. “అక్టోబరు పదకొండున తంతే ఎన్నాళ్లు చీకట్లో ఉన్నాం? అప్పుడు నీ బండేటి సేస్తాది?” దానికి మావ దగ్గర జవాబు సిద్ధం: “పెట్రోలు బంకులో పంపు దేంతో తిరుగుతాదిరా, కరెంటుతో కాదేటి?” సభ కాసేపు నిశ్శబ్దం.

2018లో రాష్ట్రం చేసిన ఎలక్ట్రిక్ వాహనాల విధానం 2024 నాటికి లక్ష ఛార్జింగ్ స్టేషన్లు లక్ష్యమని రాసుకుంది. ఆ లక్షలో ఒకటి భావనపాడుదని మావ నమ్మకం. పోర్టు వస్తే దాంతోపాటే వస్తుందంటాడు. ఎన్నో ఏళ్లు భావనపాడు పోర్టుగా వినబడిన ఆ పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగేనాటికి పేరు మూలపేట అయింది. “పోర్టు పేరే మన ఊళ్లో నిలబడనేదు, స్టేషను నిలబడతాదా మావా?” అని కుర్రాళ్లు గిల్లుతారు.

ఈమధ్య ఆయన చూపు నరసన్నపేట మీద పడింది. కోటబొమ్మాళికీ శ్రీకాకుళానికీ నడుమ చుట్టమన్నవాడు లేని ఊరు అదొక్కటే. సరిగ్గా అప్పుడే టెక్కలి మేనకోడలికి సంబంధాలు చూస్తున్నారు. పలాస నుంచి జీడిపప్పు వ్యాపారం కుర్రాడు వచ్చాడు. “పలాసేటి, ఆ దిక్కున మనకి పనేటుంది?” అని మావ కొట్టిపారేశాడు. నరసన్నపేట సంబంధం ఇల్లు చూసి రావడానికి తనే బయల్దేరాడు. తిరిగొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

“కుర్రాడేటి సేస్తన్నాడు బావా?” అన్నాడు చెల్లెలి మొగుడు.

“కింది అంతస్తే బావా. గుమ్మం పక్కనే పదహారు ఆంపుల ప్లగ్గు. ఎర్తింగు నానే చూశాను, లక్షణంగా ఉంది.”

లోపల్నుంచి మేనకోడలు అడిగింది: “ఇంటికి సరే మావయ్యా, కుర్రాడికుందా?”