నేను బొబ్బిలి పాత కోట మట్టిని

కోట అనగానే రాతి బురుజులే మీ కళ్ళ ముందు మెదులుతాయి. బొబ్బిలి పాత కోట గోడ మట్టిది. ఆ మట్టినే నేను. నానబెట్టి, కాళ్ళతో తొక్కి, ఒక వరస ఆరాక దాని మీద ఇంకో వరస పెట్టి నన్ను లేపారు. చుట్టూ దట్టంగా అడవి ఉండేది. దారి తెలియనివాడు నా దాకా రాలేడు.

మా రాజు రంగారావు గారికీ, విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు గారికీ పాత పగలున్నాయి. వాగు నీళ్ళ తగువూ వాటిలో ఒకటి. ముందు ఎవరి చేనుకి పారాలన్న గొడవ మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నదే. ఇరుగుపొరుగు కూర్చుని తేల్చుకోవలసిన తగువులోకి మూడోవాడు వచ్చాడు. శ్రీకాకుళం సర్కారులో కప్పం వసూలుకి దిగిన ఫ్రెంచి సేనాని బుస్సీకి విజయరామరాజు గారు తోడయ్యారు. బొబ్బిలి వదిలి ఇంకోచోటికి పొమ్మన్నారు. రంగారావు గారు ససేమిరా అన్నారు.

1757 జనవరి 24. తెల్లారేసరికి ఫిరంగులు మొదలయ్యాయి. గుండు తగిలితే రాయి పగులుతుంది, నాలోకైతే దిగబడిపోతుంది. ఎన్ని మింగానో! కానీ ఒకేచోట అదేపనిగా కొడితే మట్టి జారుతుంది, జారిన మట్టే పైకెక్కేవాడికి మెట్టవుతుంది. గండ్లు పడ్డాయి. పడిన ప్రతి గండికీ మనుషులు అడ్డం నిలబడ్డారు. నేను ఆపలేనిదాన్ని వాళ్ళు ఒళ్ళొడ్డి ఆపారు.

ఇక గెలవలేమని తెలిశాక లోపల ఇళ్ళకు నిప్పు పెట్టారు. శత్రువుకి చిక్కకూడదని ఆడవాళ్ళనూ పిల్లలనూ సొంతవాళ్ళే చంపారు. కథ చెప్పేవాళ్ళు ఇక్కడ గొంతు పెంచుతారు. నా మీద పడింది ఆ బూడిద. పొగడటానికి నాకు నోరు రాదు. రాణీ మల్లమ్మదేవి పేరు నిలిచింది. మిగతా తల్లుల పేర్లు ఎవరు రాసిపెట్టారు?

ఒక ముసలాయన మాత్రం రాజుగారి మాట కాదని ఆయన పసివాణ్ణి దాచి, ఫ్రెంచి అధికారికి అప్పగించాడని ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. ఆ పిల్లవాడే చిన రంగారావు. బొబ్బిలి జమీ మళ్ళీ లేచింది అతనితోనే. నన్నడిగితే ఆ రోజు అందరికన్నా ధైర్యవంతుడు ఆ ముసలాయనే.

రాజాంలో ఉన్న మా వీరుడు తాండ్ర పాపారాయుడు సమయానికి అందుకోలేకపోయాడు. మూడోనాటి రాత్రి విజయరామరాజు గారి గుడారంలో దూరి ఆయన్ను పొడిచి చంపాడు, తానూ ప్రాణం విడిచాడు. ఆయన తర్వాత విజయనగరం గద్దెక్కిన ఆనంద గజపతి గారు ఫ్రెంచివాళ్ళ మీదకి ఇంగ్లీషువాళ్ళను పిలిచారు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సేనను ఓడించాడు. ఆ తర్వాత సర్కారు జిల్లాలు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయాయి. ఓడింది మేమొక్కళ్ళమే కాదు, విజయనగరం కూడా.

నా గోడలు నేలమట్టమయ్యాయి. కొత్త కోట వేరేచోట కట్టుకున్నారు. 1891లో మహారాజా శ్వేతాచలపతి రంగారావు గారు యుద్ధం జరిగిన ఈ నేల మీద స్మారక స్తూపం నిలబెట్టారు.

బొబ్బిలి రండి. గొల్లపల్లిలో పనసకర్రను తొలిచి వీణ చేసే చేతుల్ని చూడండి. స్తూపం దగ్గరకూ రండి. మీ పిల్లలకి పాపారాయుడి కత్తి గురించి చెప్పేటప్పుడు, ఆ ఇళ్ళలో ఆ రోజు పోయిన పిల్లల గురించి కూడా చెప్పండి.